ఏడు రేకుల లేసు పువ్వు

ఈవెంట్ మేనేజర్ వాట్సాప్‌లో పంపిన కొటేషన్ చూసి నేనూ తమ్ముడూ కాసేపు మాట్లాడుకోలేదు. ‘రెట్రో థీమ్, బేసిక్’ 78,000 రూపాయలు. ‘రెట్రో థీమ్, ప్రీమియం’ 1,30,000. ప్రీమియంలో అదనంగా ఏమిస్తారంటే, ఒక పాత చేతక్ స్కూటరు తెచ్చి నిలబెడతారట. ఇంకా ఒక ట్రంకుపెట్టె, రెండు లాంతర్లు, డజను గోలీసోడా సీసాలు.

“ట్రంకుపెట్టె మన అటక మీద ఉంది కదక్కా. మనమే వాళ్ళకి అద్దెకిస్తే పోలా?” అన్నాడు తమ్ముడు.

అలా మొదలైంది. మా అమ్మానాన్నల పెళ్ళి 1995 మే నెలలో అయింది. 2025 మేకి 30 ఏళ్ళు. నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద నలభై మందిని పిలిచి చిన్న ఫంక్షన్ చేద్దామనుకున్నాం. భోజనాలు తమ్ముడి డిపార్ట్‌మెంట్, డెకరేషన్ నాది. థీమ్ పేరు కూడా నేనే పెట్టాను: ‘1995’. ఆ ఏడాది మా ఊళ్ళో పెళ్ళింటికి వెళ్తే ఏం కనిపించేదో అదంతా మా టెర్రస్ మీద కనిపించాలి. థర్మాకోల్ అక్షరాలు, వైరు బుట్టలు, వీడియో క్యాసెట్లు, నీలం ఇన్‌ల్యాండ్ లెటర్లు. బడ్జెట్ 15,000. అయింది 19,400 అనుకోండి, అది వేరే సంగతి.

ఇలాంటివి మీరెవరైనా చెయ్యాలనుకుంటే ఒక మాట చెప్తాను. హైదరాబాద్‌లో పాత సామాను కావాలంటే ‘వింటేజ్’ అని బోర్డున్న షాపుకి వెళ్ళొద్దు. ఆదివారం పొద్దున్నే ఎర్రగడ్డ సంతకి వెళ్ళండి. రోడ్డు పక్కన దుప్పటి పరిచి రేడియో డొల్లలు, గోడ గడియారాలు, టైప్‌రైటర్ ముక్కలు, అలారం టైంపీసులు పోసి అమ్ముతుంటారు. నేను ఒక లాంతరు చేతిలోకి తీసుకుని ఫోన్‌తో ఫొటో తీశాను. అదీ నేను చేసిన తప్పు. 250 అన్న లాంతరు 600 అయింది. “ఇన్‌స్టాల పెడతారు గదా మేడమ్, గది యాంటిక్ పీసు” అన్నాడతను. 400కి తెచ్చుకున్నాను. మళ్ళీ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత వారపత్రికలు కిలోల లెక్కన కాకపోయినా దాదాపు ఆ లెక్కలోనే దొరికాయి. లేసు రిబ్బన్లు, పురికొస, బల్బుల దండలు బేగంబజార్‌లో. అక్కడ ఒక్కటి కొంటే ఒక ధర, డజను కొంటే ఇంకో ధర. డజనే కొన్నాను. ఇప్పటికీ మా ఇంట్లో పదకొండు పురికొస ఉండలు ఉన్నాయి.

ఇంటికొచ్చాక అసలు పని. మామూలు తెల్ల కాగితం పాతదానిలా కనిపించాలంటే చిక్కటి టీ డికాషన్‌లో అరనిమిషం ముంచి, పాత న్యూస్‌పేపర్ మీద ఆరబెట్టాలి. పాలు పొయ్యకూడదని వేరే చెప్పక్కర్లేదు కానీ మా తమ్ముడికి చెప్పాల్సి వచ్చింది. ఆ కాగితాల మీద టెలిగ్రాముల్లాంటివి ప్రింటు తీశాను. మనకి టెలిగ్రాం అంటే ఫోన్‌లో యాప్. అసలు టెలిగ్రాం సర్వీసు మన దేశంలో 2013 జులైలో ఆగిపోయింది. అప్పట్లో పెళ్ళి శుభాకాంక్షలకి వాక్యం రాయక్కర్లేదు, పోస్టాఫీసులో నంబరు చెబితే చాలు, అటువైపు వాళ్ళకి పూర్తి వాక్యం అందేదని నాన్న చెప్పారు. ఎమోజీలు మనం కనిపెట్టామనుకుంటాం.

నాన్న ఆర్టీసీ కండక్టరు. తాడేపల్లిగూడెంలో చాలా ఏళ్ళు చేసి రెండేళ్ళ కింద రిటైరయ్యారు. మిషన్లు రాకముందు వాడిన టికెట్ల రేకు ట్రే, పంచ్, తోలు సంచీ ఆయన దగ్గర భద్రంగా ఉన్నాయి. అందుకని ఆహ్వానాలు బస్సు టికెట్ల రూపంలో చేశాను. ‘1995 నుండి 2025 వరకు’ అని. ప్రూఫు చూపిస్తే నాన్న కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

“స్టేజీ నంబర్లు లేకుండా టికెట్టేంటమ్మా? చెకింగ్ వస్తే నా ఉద్యోగం ఊడుతుంది” అన్నారు.

స్టేజీలు వేశాను. ఒకటో స్టేజీ పెళ్ళి, రెండు నేను, మూడు తమ్ముడు. నలభై టికెట్లూ నాన్నే కూర్చుని పంచ్ కొట్టారు. టక్, టక్ అని ఆ చప్పుడుకి పక్క ఫ్లాట్ వాళ్ళ పాప వచ్చి చూసి వెళ్ళింది. ఆయన అంత ఇష్టంగా ఒక పని చెయ్యడం రిటైరయ్యాక నేను చూడలేదు.

సరే, అమ్మ సంగతికి వస్తాను.

టెర్రస్ మీద రెండు మూలలు ప్లాన్ చేశాను. ఒక మూల నాన్నది. ఖాకీ చొక్కా హ్యాంగర్‌కి వేలాడదీసి, కింద స్టూలు మీద ట్రే, పంచ్, సంచీ. పైన అట్ట బోర్డు మీద ‘నాన్న ఉద్యోగం’ అని రాశాను. ఇంకో మూల అమ్మది. ట్రంకుపెట్టెలో అమ్మ చేసిన వస్తువులు చాలానే ఉన్నాయి. ఆకుపచ్చ, తెలుపు వైరు బుట్టలు, పూసలతో కుట్టి ఫ్రేము కట్టించిన హంసల జంట, అగ్గిపుల్లల ఇల్లు, అన్నిటికంటే పెద్దది లేసు అల్లిన టీవీ కవరు. ఆ మూలకి బోర్డు ‘అమ్మ సరదాలు’.

ఈ టీవీ కవరు గురించి చెప్పాలి. మా చిన్నప్పుడు ఇంట్లో పెద్ద డబ్బా టీవీ ఉండేది. దానిమీద ఎప్పుడూ ఈ తెల్ల లేసు కవరు. టీవీ చూసేటప్పుడు ముందుభాగం పైకి మడవాలి, అయ్యాక దించాలి. క్రికెట్ మధ్యలో ఎవరైనా చుట్టాలొస్తే అమ్మ ముందు కవరు సర్ది తర్వాత తలుపు తీసేది. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒక ఫ్రెండ్ ఇంటికొచ్చి, “మీ టీవీకి పరికిణీ కట్టారేంటే” అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం అమ్మతో, “ఆ కవరు తీసెయ్యవా, పరువు పోతోంది” అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. ఉతికి, గంజి పెట్టి, మడిచి ట్రంకుపెట్టెలో పెట్టింది. ఆ తర్వాత అమ్మ చేతిలో లేసు సూది చూసిన గుర్తు నాకు లేదు. అప్పుడు ఆ విషయం గమనించనైనా లేదు.

పదేళ్ళు గడిచేసరికి అదే లేసు ఫ్యాషనయి కూర్చుంది. కేఫుల్లో టేబుళ్ళ మీద, పెళ్ళి డెకరేషన్ రీళ్ళలో, ఎక్కడ చూసినా క్రోషే. ఫంక్షన్‌కి కేక్ టేబుల్ మీద వెయ్యడానికి నేనూ ఆన్‌లైన్‌లో ఒక పొడుగు లేసు గుడ్డ తెప్పించాను. ‘హ్యాండ్‌మేడ్ వింటేజ్ స్టైల్ క్రోషే టేబుల్ రన్నర్’, 1,850 రూపాయలు. తీరా వచ్చాక చూస్తే ఒక అంచు కాస్త లోపలికి గుంజుకుపోయి ఉంది. రిటర్న్ పెట్టేశాను. కారణం దగ్గర ‘వస్తువులో లోపం ఉంది’ అని టిక్ కొట్టాను. సోమవారం వచ్చి తీసుకెళ్తామని మెసేజ్ వచ్చింది. ఫంక్షన్ ఆదివారం కాబట్టి ఈలోపు వాడుకోవచ్చని, కాస్త సిగ్గుగానే చెప్తున్నాను, లెక్క వేసుకున్నాను.

ఫంక్షన్‌కి మూడు రోజుల ముందు, గురువారం రాత్రి. ఆఫీసు కాల్ అయ్యేసరికి పదకొండున్నర. అందరూ పడుకున్నారు. పాత లేసుని చతురస్రాలుగా కత్తిరించి, పురికొసకి గుచ్చి, జెండాల్లా వేలాడదీసే వీడియో ఒకటి సేవ్ చేసుకున్నాను. కవరు నేలమీద పరిచాను. కత్తెర తీసుకున్నాను.

ఆఫీసులో నా పని ఏంటంటే, పదిహేనేళ్ళ కిందటి కోడ్‌ని కొత్త సిస్టమ్‌లోకి మార్చడం. మా టీమ్‌లో ఒక రూల్ ఉంది. ఒక లైను ఎందుకు రాశారో తెలిసేదాకా దాన్ని డిలీట్ చెయ్యకూడదు. కొత్తగా చేరినవాళ్ళకి ఈ రూల్ చెప్పేది నేనే. ఆ రాత్రి మాత్రం నాకది తట్టలేదు.

లేసు గుడ్డ కాదండీ. గుడ్డ కత్తిరిస్తే ముక్కవుతుంది. లేసు మొత్తం ఒకే దారం, కంట్లోంచి కంట్లోకి లాగి అల్లింది. ఒక్కచోట తెగితే పక్కది పట్టు వదిలేస్తుంది. మూడుచోట్ల కత్తెర వేశానో లేదో, కళ్ళముందే ఒక పువ్వు రేకులు ఒక్కొక్కటే జారిపోవడం మొదలుపెట్టాయి. ఆపుదామని లాగాను. ఇంకాస్త ఊడింది.

సరిగ్గా అప్పుడే అమ్మ మంచినీళ్ళ కోసం లేచి వచ్చింది.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. నా చేతిలో కత్తెర చూసింది, కింద దారాలు చూసింది. గోడకి ఆనించి పెట్టిన బోర్డులు కూడా చూసింది. కింద కూర్చుంది. “ఇలా ఇవ్వు. లాగకు. ఆ బిస్కెట్ డబ్బా తే” అంది.

ప్రతి ఇంట్లోనూ ఉండే డబ్బానే. బిస్కెట్లు తప్ప అన్నీ ఉంటాయి. గుండీలు, హుక్కులు, రబ్బరు బాండ్ల కింద, చిన్న గుడ్డపీలికలో చుట్టి అమ్మ లేసు సూది ఉంది. స్టీలుది, చివర వంకీ ఉన్నది, అరచేతి అంత పొడవు. అమ్మకి కళ్ళు ఆనవు, మణికట్టు నొప్పి కూడాను. నేను ఫోన్ టార్చ్ పట్టుకున్నాను. ఊడిన కన్ను ఒక్కొక్కటీ సూది చివరతో ఏరి, లాగి, ముడి వేసి ఆపడం మొదలుపెట్టింది. మొదటి రెండూ జారిపోయాయి. మూడోదాని నుంచి చెయ్యి దారిలో పడింది.

నాకు ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది. పువ్వులు లెక్కపెడుతున్నాను.

“అమ్మా, ఈ పువ్వుకి ఏడు రేకులే ఉన్నాయి. పక్కదానికి ఎనిమిది.”

“అందుకేగా అది మనింట్లో ఉంది” అంది అమ్మ, తల ఎత్తకుండా.

అమ్మ పుట్టిల్లు నర్సాపురం పక్క పల్లె. నర్సాపురం లేసు గురించి మీరు వినే ఉంటారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి ఆడవాళ్ళకి నేర్పిన అల్లిక. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ పాకి విదేశాలకి ఎగుమతయ్యే సరుకైంది. 2024లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఇదంతా నాకు తెలుసు, క్విజ్‌లో అడిగితే చెప్పేదాన్నే. తెలియనిదల్లా మా అమ్మ అందులో పనిచేసిందని.

అమ్మ చిన్నగా, ఆగి ఆగి చెప్పింది. ఏజెంటు దారం ఉండలు ఇచ్చి వెళ్ళేవాడు. మూడో తరగతి నుంచే అమ్మ అల్లేది. ఇంట్లో అమ్మమ్మ, దొడ్డమ్మ, అమ్మ, ముగ్గురూ అరుగు మీద కూర్చుని మధ్యాహ్నం అన్నాలయ్యాక మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా. వారం తిరిగాక ఏజెంటు వచ్చి ముక్కలు లెక్కపెట్టి తీసుకెళ్ళేవాడు. రేకు తక్కువైనా, మురికి పట్టినా, అంచు గుంజుకుపోయినా పక్కన పడేసేవాడు. వాటికి కూలి లేదు సరికదా, వాడిన దారం ఖరీదు కూడా వచ్చేదాంట్లోంచి కోసేవాడు. ఆ పక్కన పడేసిన ముక్కలు మాత్రం ఇంట్లో మిగిలేవి.

“పెళ్ళయ్యాక గూడెంలో కాపురం పెట్టాం. టీవీ కొన్నాం. దుమ్ము పడకుండా ఏదైనా కప్పాలిగా. మీ అమ్మమ్మ ఓ సంచీ నిండా ఈ ముక్కలిచ్చింది. అన్నీ కలిపి కుట్టాను.”

అంటే నా ఫ్రెండ్ పరికిణీ అని నవ్విన ఆ కవరు మొత్తం తిప్పిపంపిన ముక్కలే. నలభై రెండు పువ్వులు. టార్చి వెలుగులో చూస్తే ఏ రెండూ ఒకలా లేవు. గట్టిగా, బిర్రుగా ఉన్నవి అమ్మమ్మవి. వదులుగా, పెద్దగా ఉన్నవి దొడ్డమ్మవి, ఆవిడకి తొందర ఎక్కువట. ఏడు రేకులవన్నీ అమ్మవి.

“నీవే ఎందుకు తప్పేవి?”

“పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అల్లేదాన్నే. టెన్త్‌లో మరీను. చేతులు వాటంతట అవి పోతుంటాయి, కళ్ళేమో పుస్తకం మీద. చదువుతూ చదువుతూ లెక్క తప్పేది. ఇదిగో, ఇది సోషల్ అయ్యుంటుంది. నాకు సోషల్ ఇష్టం.”

టెన్త్ పరీక్ష ఫీజు ఆ డబ్బులతోనే కట్టింది. ఇంటర్‌లో చేరడానికీ ఆ డబ్బులే. రెండో ఏడాది మధ్యలో తాతయ్యకి ఒంట్లో బాగోక చదువు ఆగిపోయింది, అల్లిక ఆగలేదు.

నేను గోడ దగ్గరున్న బోర్డుల వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను. ‘నాన్న ఉద్యోగం’. ‘అమ్మ సరదాలు’. టీ డికాషన్‌లో ముంచి, అంచులు కాల్చి, ఎంతో ముచ్చటపడి నా చేత్తో రాసినవి.

“బోర్డు మారుస్తానమ్మా. ‘అమ్మ ఉద్యోగం’ అని రాస్తా.”

అమ్మ చెయ్యి ఆగింది. “ఏం రాయొద్దు. మీ అత్తావాళ్ళు వస్తారు” అంది.

పెళ్ళిచూపుల్లో మా నాన్న తరఫు వాళ్ళకి, పిల్ల ఇంటిపట్టున ఉంటుంది, చక్కగా కుట్లు, అల్లికలు వచ్చు అని చెప్పారట. కూలికి అల్లుతుందని చెప్పలేదు. చెప్పొద్దని అమ్మమ్మ కూతుళ్ళిద్దరి దగ్గరా మాట తీసుకుంది. కూలికి వెళ్ళే ఇంటి పిల్ల అనుకుంటారని. అరుగు మీంచి కదలకుండా చేసేదే అయినా కూలి కూలే కదా అని. అందుకే పెళ్ళయ్యాక అమ్మ ఏజెంటు పని మళ్ళీ పట్టలేదు. ముప్ఫై ఏళ్ళుగా అది ‘సరదా’గానే ఉండిపోయింది. నేను పెట్టిన పేరు కాదది, అమ్మమ్మ పెట్టిన పేరే. నేను తెలియకుండా బోర్డు కట్టానంతే.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో వెతికాను. మారియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నర్సాపురం వచ్చి లేసు అల్లే ఆడవాళ్ళ మీద పరిశోధన చేసి 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అని పుస్తకం రాసింది. ఇంట్లో కూర్చుని ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేస్తున్న వీళ్ళని పనివాళ్ళనకుండా గృహిణులనడం వల్లే, తీరిక వేళ చేసే పనిగా చూడ్డం వల్లే, అంత తక్కువ కూలితో ఆ వ్యాపారం నడుస్తోందన్నది ఆవిడ వాదన. పొద్దున కాఫీ తాగుతూ అమ్మకి చెప్పాను. పుస్తకం వచ్చేనాటికి అమ్మకి తొమ్మిదేళ్ళు.

“జర్మనీ నుంచి వచ్చిందా? మా అరుగుల మీదకా?” అని ఆశ్చర్యపోయింది. తర్వాత, “మమ్మల్ని ఎవరూ అడగలేదే” అంది.

నాన్న పేపరు చదువుతున్నట్టు నటిస్తూ అంతా విన్నారు. పేపరు దించకుండానే, “నేను నర్సాపురం రూట్లో ఎన్నేళ్ళు తిరిగానో తెలుసా? ఆ లేసు మూటలకి లగేజీ టికెట్టు కొట్టింది నేనే. ఎవరింట్లో ఏం అల్లుతారో నాకు తెలీదా?” అన్నారు. అమ్మ ఆయన వైపు చూసిన చూపుని ఇక్కడ రాయడం నా వల్ల కాదు. ముప్ఫై ఏళ్ళు ఒకే ఇంట్లో, ఒకరికి తెలుసు, ఇంకొకరికి ఆయనకి తెలుసని తెలీదు.

బోర్డులు రెండూ తీసేశాను. రాతలు లేకుండా వస్తువులే పెట్టాను. కవరు ఎలాగూ మూడుచోట్ల తెగింది కాబట్టి అతుకుల దగ్గర విప్పి పువ్వులు విడదియ్యమని అమ్మే చెప్పింది. వాటితో దీపాలు చేద్దామనుకున్నాం. పద్ధతి తేలికే. బెలూన్ ఊది, దానికి కాస్త నూనె రాసి, గంజిలో ముంచిన లేసు పువ్వుల్ని ఒకదాని అంచు ఇంకోదానికి తగిలేలా అతికించాలి. ఆరి బిరుసెక్కాక బెలూన్ పగలగొడితే గుండ్రటి లేసు బుట్ట మిగులుతుంది. లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బుల దండ పెడితే చాలు. మామూలు బల్బు పెట్టొద్దు, వేడికి మాడుతుంది. వీడియోల్లో అందరూ జిగురు, నీళ్ళు చెరిసగం కలిపి వాడమంటారు. అమ్మ ఒప్పుకోలేదు. జిగురైతే ఇక దారం పనికిరాదు, గంజైతే నీళ్ళలో వేస్తే వదిలేస్తుంది అంది. సగ్గుబియ్యం చిక్కగా కాచింది.

మొదటి విడతలో నాలుగు చేసి, త్వరగా ఆరతాయని టెర్రస్ మీద ఎండలో పెట్టాను. మే నెల. పదకొండు గంటలకల్లా నాలుగు బెలూన్లూ ఠాప్ ఠాప్‌మని పేలిపోయాయి. ఇంజనీరింగ్ చదివాను, వేడికి గాలి వ్యాకోచిస్తుందని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. తర్వాతివి ఇంట్లో ఫ్యాన్ కింద ఆరబెట్టాం. రాత్రంతా పట్టింది.

ఆదివారం సాయంత్రం ఆరు దీపాలు వెలిగాయి. వెలుతురు పువ్వుల్లోంచి పడి గోడ నిండా నీడల పువ్వులు. ట్రంకుపెట్టె మీద కేకు. గోలీసోడా సీసాల్లో బంతిపూలు. నాన్న ఖాకీ చొక్కా పక్కన నిలబడి వచ్చిన ప్రతి ఒక్కరి టికెట్టూ చెక్ చేశారు. టికెట్టు మర్చిపోయి వచ్చిన బాబాయికి ఫైన్ వేశారు, నిజంగా పది రూపాయలు వసూలు చేశారు.

నర్సాపురం నుంచి దొడ్డమ్మ వచ్చింది. చెప్పులు విప్పుతూనే పైకి చూసింది. దీపం దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి రేకులు లెక్కపెట్టింది.

“ఏడు! ఏమే, ఇది నీదేనే!” అని గట్టిగా నవ్వింది.

మా అత్త పక్కనే ఉంది. నాన్నకి అక్క. “ఎవరు చేశారివి, భలే ఉన్నాయే” అంది. దొడ్డమ్మ గబుక్కున నోరు మూసుకుంది. అమ్మమ్మకి ఇచ్చిన మాట ఆవిడకీ గుర్తుంది మరి. నేను, కొన్నానని చెప్పేద్దామా అని ఆలోచిస్తున్నాను. నాలుక చివరిదాకా వచ్చింది.

“నేనే వదినా. పెళ్ళికి ముందు కూలికి అల్లేదాన్ని. ఇవి ఏజెంటు తిప్పిపంపినవి” అంది అమ్మ.

అత్త కళ్ళజోడు సవరించుకుని ఇంకోసారి చూసింది. “తిప్పిపంపడానికి ఏమొచ్చింది, బానే ఉన్నాయిగా! వాడికి కళ్ళు లేవా ఏంటి?” అని, నా వైపు తిరిగి, “ఇదిగో పిల్లా, షుగరున్న వాళ్ళకి వేరే స్వీటేమైనా పెట్టారా?” అంది.

అంతే. అత్త భోజనాల వైపు వెళ్ళిపోయింది. అమ్మ కాసేపు అక్కడే నిలబడింది, చేతిలో ప్లేటుతో. దొడ్డమ్మ వచ్చి భుజం తట్టేదాకా.

మర్నాడు సర్దుడు. అలంకరణ చేసేటప్పుడు ఉన్న హుషారు విప్పేటప్పుడు ఉండదు. లాంతరు కాలు విరిగింది. టెలిగ్రాములు ఎవరో చిన్నపిల్లలు పడవలు చేసేశారు. అమ్మ బకెట్లో గోరువెచ్చని నీళ్ళు పోసి లేసు బుట్టలు అందులో వేసింది. పది నిమిషాల్లో గంజి వదిలి, నీళ్ళు తెల్లబడి, పువ్వులు మెత్తగా పైకి తేలాయి. తువ్వాలు మీద వరుసగా పరిచి లెక్కపెట్టింది. నలభై రెండూ ఉన్నాయి. మళ్ళీ కలిపి కుడతానంది. టీవీ ఇప్పుడు గోడకి అంటుకుని ఉంది కదా, దేనిమీద వేద్దామా అని ఆలోచిస్తోంది.

ఆ ఆలోచనలో ఉండగానే కాలింగ్ బెల్ మోగింది. రిటర్న్ తీసుకెళ్ళడానికి డెలివరీ అబ్బాయి. నేను రన్నర్ మడిచి కవర్లో పెడుతుంటే అమ్మ వచ్చి చూసింది. వెనక్కి తిప్పింది. వెలుతురుకి పట్టింది.

“మనవైపు చెయ్యిలా ఉందే” అంది. “ఎందుకు పంపేస్తున్నావ్?”

“అంచు గుంజుకుపోయిందమ్మా. లోపం అని పెట్టాను.”

“ఎంతకి కొన్నావ్?”

చెప్పాను. అల్లినామెకి ఎంతిచ్చి ఉంటారని అడిగింది. యాప్‌లో అది ఉండదు.

డెలివరీ అబ్బాయి ఫోన్ చూసుకుంటూ తలుపు దగ్గర నిలబడ్డాడు. అమ్మ రన్నర్ నా చేతిలోంచి తీసుకుంది.

“పంపకు. తిప్పిపంపితే ఆ పిల్లకి కూలి కోస్తారు” అంది. అని, బిస్కెట్ డబ్బా తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.